కడుపు నిండితేనే కడుపు పండుతుందా?

ప్రశ్న: మాది సదాశివనగర్ దగ్గర పల్లె. ఈనిన బర్రె బక్కచిక్కితే తొందరగా ఎదకు రాదని, దాణా పెంచితే వస్తుందని మా ఇంట్లో అంటారు. మనుషుల్లో కూడా ఇంతేనా? తిండికీ పిల్లలు పుట్టడానికీ సంబంధం ఉందా? ఉంటే, వెనకట కడుపునిండా తినని ఇళ్ళలోనే అంతమంది పిల్లలు ఎట్లా పుట్టేవాళ్ళు?

జవాబు: బర్రె సంగతి మీ ఇంట్లోవాళ్ళు సరిగ్గానే చెప్పారు. ఈనిన కొత్తలో పాల రూపంలో బయటికి పోయే శక్తి, గడ్డీ దాణాల రూపంలో లోపలికి వచ్చే శక్తి కంటే ఎక్కువ. ఆ లోటును బర్రె తన ఒంట్లోని కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. అందుకే ఎముకలు తేలతాయి. లోటు తగ్గేదాకా అండాశయాలు మళ్ళీ పనిలో పడవు, ఎద ఆలస్యమవుతుంది. సూది వేయమని వచ్చిన రైతును పశువుల డాక్టరు ముందు మేత గురించి అడగడానికి కారణం ఇదే. మనిషి ఒంట్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. కాకపోతే మనుషుల దగ్గరికి వచ్చేసరికి పెళ్ళి, పని, వలస, గర్భనిరోధం వంటివి వచ్చి కలుస్తాయి కాబట్టి సంగతి అంత తేటగా కనిపించదు. మీ మూడో ప్రశ్న పుట్టింది అక్కడే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను, కాని ముందు ఒళ్ళు ఈ లెక్క ఎందుకు వేస్తుందో చూద్దాం.

బిడ్డను మోయడం ఖర్చుతో కూడిన పని. దాదాపు 12 కిలోల బరువు పెరిగే మామూలు గర్భానికి మొత్తం మీద సుమారు 77,000 కేలరీల అదనపు శక్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు లెక్కగట్టారు. మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన కొలతల ప్రకారం, ఒక మోస్తరు శ్రమ చేసే 55 కిలోల స్త్రీకి రోజుకు 2,130 కేలరీలు కావాలి. అంటే తొమ్మిది నెలల్లో బిడ్డ కోసం తల్లి అదనంగా పెట్టే ఖర్చు ఆమె 36 రోజులు తినే తిండికి సమానం. పాలివ్వడం అంతకంటే ఖరీదైనది. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లి రోజుకు 600 కేలరీలు ఎక్కువ తినాలని అవే కొలతలు చెబుతాయి. ఆరు నెలలకు కలిపితే లక్ష దాటుతుంది. గర్భిణి తిండి గురించి అందరూ పట్టించుకుంటారు. పథ్యం పేరుతో బాలింతకు అన్నం తగ్గించి, కారం పొడితో సరిపెట్టే ఇళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి. లెక్క చూస్తే ఎక్కువ తినాల్సింది బాలింతే.

ఇంత ఖర్చు నెత్తికెత్తుకుని మధ్యలో తిండి కరువైతే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పు. అందుకే లోటు కనిపిస్తున్నప్పుడు ఒళ్ళు అసలు ఆ పనే మొదలుపెట్టదు. గుండె కొట్టుకోవడం, ఊపిరి, ఒంటి వేడి, మెదడు పని ఇవి ఆగడానికి వీల్లేదు. సంతానం మాత్రం ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. శక్తి చాలనప్పుడు వాయిదా పడేది అదే.

మరి తిండి చాలడం లేదని ఒంటికి ఎవరు చెబుతారు?

కబురు అందుకునేది మెదడు అడుగున ఉండే హైపోథలామస్ అనే చిన్న భాగం. ఆకలి, దాహం, ఒంటి వేడి చూసుకునేది అదే, సంతాన వ్యవస్థకు తాళం తీసేదీ అదే. అక్కడి కొన్ని నరాల కణాలు గంటకో, గంటన్నరకో ఒకసారి ఒక హార్మోను బొట్టును విడుదల చేస్తాయి. ఆ బొట్టు పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని తడుతుంది, పిట్యూటరీ తన హార్మోన్లతో అండాశయాలను తడుతుంది, అప్పుడు అండం పండి విడుదలవుతుంది. ఇక్కడ ముఖ్యమైనది లయ. అమెరికాలో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం 1970ల చివర్లో కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, ఆ హార్మోనును గంటకొకసారి ఇస్తే అండాశయాల వ్యవస్థ నడిచింది. అదే హార్మోనును ఆపకుండా ఇస్తే వ్యవస్థ మూతపడింది. తిండి లోటు వచ్చినప్పుడు చెదిరేది ఈ లయే. గంటకు పడాల్సిన బొట్టు రెండు మూడు గంటలకు పడుతుంది, కొన్నాళ్ళకు ఇంకా అరుదవుతుంది.

ఈ హైపోథలామస్‌కు కబుర్లు చాలా దారుల్లో వస్తాయి. తిన్న తర్వాత పెరిగే ఇన్సులిన్ ఒకటి, కడుపు ఖాళీ అయినప్పుడు పొట్ట నుంచి బయల్దేరే ఘ్రెలిన్ ఒకటి. వీటన్నిటిలో కొవ్వు కణాలు పంపే లెప్టిన్ కథ వినదగ్గది. న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో దీన్ని కనిపెట్టింది. ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే లెప్టిన్ ఎక్కువ, తక్కువుంటే తక్కువ. అంతేకాదు, నాలుగు రోజులు తిండి తగ్గితే కొవ్వు ఇంకా కరగకముందే లెప్టిన్ పడిపోతుంది. అంటే నిల్వ ఎంతుందో మాత్రమే కాదు, అది పెరుగుతోందా తరుగుతోందా అన్న కబురు కూడా మెదడుకు చేరుతుంది.

కొందరు పిల్లలు పుట్టుకతోనే లెప్టిన్ తయారుచేయలేరు. చాలా అరుదైన జబ్బు. వాళ్ళకు ఆకలి తీరదు, చాలా లావవుతారు. ఒంట్లో అంత కొవ్వున్నా వయసు వచ్చాక యవ్వన లక్షణాలు రావు. కొవ్వుంది కాని ఉందన్న కబురు లేదు, కాబట్టి మెదడు కరువులో ఉన్నట్టే నడుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో అలాంటి తొమ్మిదేళ్ళ పాపకు ఏడాది పాటు లెప్టిన్ సూదులు ఇస్తే బరువు తగ్గింది, యవ్వనం తొలి దశలో కనిపించే హార్మోను లయ రాత్రిళ్ళు మొదలైంది. ఆ సంగతి 1999లో అచ్చయింది. 2004లో ఇంకో ప్రయోగం: తిండి తక్కువై, వ్యాయామం ఎక్కువై నెలసరి ఆగిపోయిన ఎనిమిది మంది స్త్రీలకు లెప్టిన్ ఇచ్చారు, ముగ్గురికి అండం విడుదలైంది. మిగతావాళ్ళకు కాలేదన్నది కూడా చూడాలి. లెప్టిన్ ఒక్కటే అన్నీ తేల్చదు.

లోటు పడగానే నెలసరి ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. దెబ్బ మెట్టుమెట్టుగా పడుతుంది. ముందు, అండం విడుదలైన తర్వాత గర్భసంచిని సిద్ధం చేసే ప్రొజెస్టెరాన్ తగ్గుతుంది. నెలసరి తేదీ ప్రకారమే వస్తుంది, అండం కూడా వస్తుంది, కాని పిండం నిలవడానికి కావలసిన మెత్తదనం సరిగా తయారవదు. లోటు ఇంకా సాగితే కొన్ని నెలల్లో అండమే విడుదల కాదు, రక్తస్రావం మాత్రం అవుతుంది. ఆ తర్వాతే తేదీలు తప్పడం, చివరికి ఆగిపోవడం. కాబట్టి నెలనెలా వస్తోంది కదా, అంతా బాగానే ఉందని ధీమాగా ఉండడానికి లేదు. తిండి, పని సంగతి అడగకుండా నెలసరి సంగతి ఒక్కటే అడిగితే సగం కథే తెలుస్తుంది.

పని అన్నాను కాబట్టి మీ ఊరి దగ్గరికే వద్దాం. సదాశివనగర్ మండలం కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. వానకాలం, యాసంగి రెండు పంటల్లోనూ వరి నాట్లుంటాయి, మక్క ఉంటుంది, చెరుకు ఉంటుంది. కైకిలి పోయే ఆడవాళ్ళు పొద్దున్నే వంట, ఇంటి పని ముగించుకుని, టిఫిను గిన్నె పట్టుకుని బయల్దేరి, రోజంతా బురదలో వంగి నాటువేసి, వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంటారు. చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు అందరికీ పెట్టాకే తింటారు. నాట్ల రోజుల్లో ఖర్చు పెరిగింది, కంచంలో పడేది మాత్రం పెరగలేదు. ఒళ్ళు చూసేది ఈ తేడానే.

దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యవంతులైన యువతులను ఐదేసి రోజుల పాటు లెక్కగట్టిన తిండి మీద, లెక్కగట్టిన వ్యాయామంతో ఉంచారు. తిన్నదాంట్లోంచి వ్యాయామం ఖర్చు తీసేస్తే మిగిలేది, కొవ్వు కాకుండా ఉన్న ఒంటి బరువులో కిలోకు 30 కేలరీల కంటే తగ్గినప్పుడు మెదడు నుంచి వచ్చే హార్మోను లయ చెదిరింది. 2003లో అచ్చయిన ఫలితం ఇది. ఐదు రోజులకే ఇంత! ఉదాహరణకు 50 కిలోల స్త్రీలో కొవ్వు పోగా 37 కిలోలున్నాయనుకుందాం. ఆమెకు పని ఖర్చు పోగా కనీసం 1,110 కేలరీలు మిగలాలి. రోజుకు 1,800 కేలరీలు తిని, పొలంలో 800 ఖర్చు పెడితే మిగిలేది వెయ్యే. ఇల్లు చూస్తే అన్నం ఉంది, బియ్యం సంచీ ఉంది. ఆమె ఒళ్ళు మాత్రం లోటులో ఉంది. అంతకుముందు 1998లో లౌక్స్ ఇంకో సంగతి చూపించారు. అదే వ్యాయామం చేయించి, ఖర్చయినంతా తిండితో పూడిస్తే లయ చెదరలేదు. శ్రమ తప్పు కాదు, శ్రమకు తగ్గ తిండి పెట్టకపోవడం తప్పు.

పోలండ్‌లోని ఒక పల్లెలో గ్రాజినా యాషెన్‌స్కా, పీటర్ ఎలిసన్ చేసిన అధ్యయనం మాత్రం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. 1998లో అచ్చయింది. అక్కడి రైతు స్త్రీలు తిండికి లోటు లేనివాళ్ళు. అయినా కోతల కాలంలో పని బరువు బాగా పెరిగినవాళ్ళలో ప్రొజెస్టెరాన్ తగ్గింది. ప్రయోగశాలలో ఐదు రోజుల లెక్కకూ, పల్లెలో నెలల తరబడి సాగే చాకిరీకీ తేడా ఉంటుందని దీన్నిబట్టి అనుకోవాలి. విశ్రాంతి కూడా తిండిలో భాగమే అన్నమాట.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. మీ జిల్లాలో ఎంతోమంది ఆడవాళ్ళు బీడీలు చేస్తారు. చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా కూర్చుంటే నడుము పట్టేస్తుంది, కళ్ళు లాగుతాయి, వేళ్ళు మొద్దుబారతాయి. సాయంత్రానికి నాటువేసిన మనిషంత అలసట. కాని కూర్చుని చేసే ఈ పనికి కేలరీలు చాలా తక్కువ ఖర్చవుతాయి. అలసట వేరు, శక్తి ఖర్చు వేరు. రోజంతా కష్టపడ్డాను, ఇంత లావెందుకయ్యానని బీడీల కార్ఖానా దగ్గర ఎవరైనా అంటే నవ్వకండి, ఆమె చెప్పే రెండు మాటలూ నిజమే. ఒకే వాడలో నాట్లకు పోయే కోడలు లోటులో, బీడీలు చేసే కోడలు మిగులులో ఉండొచ్చు. ఇద్దరూ తినేది అదే అన్నం, అదే పచ్చిపులుసు.

లోటు పెద్దదై, ఊళ్ళకు ఊళ్ళనే కమ్మినప్పుడు ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1876-78 మధ్య మద్రాసు రాజధానిలో వచ్చిన మహా కరువును మనవాళ్ళు ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. అప్పటి రికార్డులు చూసిన జనాభా శాస్త్రవేత్తలకు చావుల లెక్కతో పాటు ఇంకో గీత కనిపించింది. చావులు బాగా పెరిగిన కాలానికి తొమ్మిది నెలల తర్వాత పుట్టుకలు దారుణంగా పడిపోయాయి. ఆకలి రోజుల్లో గర్భాలే నిలవలేదని అర్థం. మొగుళ్ళు కూలికోసం దేశాలు పట్టిపోవడం, రోగాలు కూడా అందులో కలిసి ఉంటాయి. 1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్ పశ్చిమ నగరాలకు తిండి రాకుండా చేసినప్పుడు, మనిషికిచ్చే రేషను వెయ్యి కేలరీల లోపుకు దిగింది. చాలామంది స్త్రీలకు నెలసరి ఆగింది. తొమ్మిది నెలల తర్వాత పుట్టుకలు దాదాపు సగానికి పడ్డాయి. 1945 మేలో తిండి వచ్చాక గర్భాలు మళ్ళీ త్వరగానే మొదలయ్యాయి. ఆకలి ఈ వ్యవస్థను మూసేస్తుందే తప్ప విరగ్గొట్టదు. చాలామందిలో తిండి తిరిగి రాగానే అది తెరుచుకుంటుంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. కరువు సంగతి సరే, మరి నిత్య దరిద్రంలో ఆరుగురు ఏడుగురు పిల్లలెలా?

కరువు వేరు, అరకొర తిండి వేరు. ఏళ్ళ తరబడి కాస్త తక్కువ తిండితో బతికే ఒళ్ళు తన ఖర్చును దానికి తగ్గట్టు కుదించుకుంటుంది. బరువు తక్కువే అయినా నిలకడగా ఉంటుంది. మెదడుకు తరుగుతోందన్న కబురు అందదు, వ్యవస్థ నడుస్తూనే ఉంటుంది. జాన్ బొంగార్ట్స్ అనే జనాభా శాస్త్రవేత్త 1980లో అప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ పోగుచేసి చెప్పింది ఇదే: కరువు సంతానాన్ని బాగా తగ్గిస్తుంది, ఒక మోస్తరు పోషకాహార లోపం కొద్దిగానే తగ్గిస్తుంది. ఇక పదిహేనేళ్ళకే పెళ్ళయి, గర్భనిరోధం లేకుండా ఇరవై ఐదేళ్ళు కాపురం చేస్తే, కాన్పుకూ కాన్పుకూ మధ్య మూడేళ్ళు పట్టినా ఏడెనిమిది కాన్పులకు కాలం చాలుతుంది. తిండి లోటు ఆ మూడేళ్ళకు కొన్ని నెలలు కలుపుతుందేమో, అంతే. పసిబిడ్డ చనిపోతే పాలివ్వడం ఆగి, తల్లికి నెలసరి త్వరగా తిరిగొచ్చి, మళ్ళీ గర్భం వచ్చేది. బిడ్డలు దక్కని ఇళ్ళలో కాన్పులు ఎక్కువ కావడానికి అదీ ఒక కారణం.

ఆ కొన్ని నెలలు ఎక్కడ కలుస్తాయో చూపించినవాళ్ళలో మన హైదరాబాద్ శాస్త్రవేత్తలున్నారు. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో కె. ప్రేమ, ఆమె సహచరులు పేద కుటుంబాల పాలిచ్చే తల్లులను పరిశీలించి 1981లో ఫలితాలు ప్రకటించారు. బరువు తక్కువున్న తల్లుల్లో కాన్పు తర్వాత నెలసరి తిరిగి రావడం ఆలస్యమైంది. బిడ్డ ఎంత తరచుగా పాలు తాగితే అంత ఆలస్యమవుతుందన్నది దీనికంటే బలమైన కారణమని ఇతర పరిశోధనలు చెబుతాయి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే పడుతూ, నెలసరి ఇంకా రాకుండా ఉంటే గర్భం వచ్చే అవకాశం రెండు శాతం లోపే. ఆరు నెలలు దాటాక, లేదా బిడ్డకు పై తిండి మొదలుపెట్టాక దీన్ని నమ్ముకోవద్దు.

ఇంతసేపూ లోటు గురించే చెప్పాను. ఈ కాలపు తెలంగాణలో సగం కథ మిగులుదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నవాళ్ళు 18.8 శాతం, ఎక్కువ బరువున్నవాళ్ళు 30.1 శాతం. లోటు కంటే మిగులు పెద్దదైంది. మిగులున్నప్పుడు సంతానం ఇంకా సులభం కావాలి కదా అనిపిస్తుంది. కొంతవరకే అది నిజం.

కొవ్వు, ముఖ్యంగా పొట్ట చుట్టూ, పెరిగితే ఇన్సులిన్ మాట కండరాలు, కాలేయం సరిగా వినవు. దాంతో ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. అండాశయం మాత్రం ఇన్సులిన్ మాట బాగానే వింటుంది. అంత ఇన్సులిన్ తగిలేసరికి అది మగ హార్మోన్లను ఎక్కువ తయారుచేస్తుంది, అండాలు సగం పెరిగి ఆగిపోతాయి. స్కానింగులో చిన్నచిన్న బుడగల్లా కనిపించేవి అవే. డాక్టర్లు పీసీఓడీ, పీసీఓఎస్ అనేది ఇదే. నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు దీని గుర్తులు. సన్నగా ఉన్నవాళ్ళలోనూ ఇది ఉంటుంది, కాబట్టి ఆకారం చూసి తీర్పు చెప్పకూడదు.

మంచి సంగతి ఏమిటంటే, బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. 70 కిలోల మనిషికి అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. కాని ఒక్క నెలలో పది కిలోలు తగ్గిపోవాలని కడుపు మాడ్చుకుంటే, పైన చెప్పిన లోటు కబురు మెదడుకు చేరి వ్యవస్థ ఇంకోవైపు నుంచి మూతపడుతుంది. పిల్లల కోసం మొక్కుకుని ఒక్కపొద్దులుండే తల్లులకు కూడా ఈ మాటే. వారానికొక ఒక్కపొద్దుతో ఏమీ కాదు, మిగతా ఆరు రోజులు బాగా తింటే. బక్కపలచగా ఉండి, నాట్లకు పోతూ, వారానికి మూడు ఒక్కపొద్దులుంటే మాత్రం కోరుకున్నదానికి అడ్డం పడుతున్నట్టే. అన్నం కొంచెం తగ్గించి పప్పు, గుడ్డు, ఆకుకూర, జొన్నరొట్టె, పల్లీలు పెంచడం, రోజూ అరగంట నడవడం నిదానంగా పనిచేసే దారి. బీడీలు చేసే అక్కకు ఆ నడకే మందు.

మగవాళ్ళను ఇప్పటిదాకా పక్కన పెట్టాను. ఊళ్ళో కూడా చేసేది అదే, కోడలికి పిల్లలు కాకపోతే కోడలినే అడుగుతారు. వీర్యకణాలు తయారుచేయడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు కాబట్టి మగవాడి ఒళ్ళు లోటును ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. అయినా హద్దుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వాళ్ళ ఇష్టంతోనే, 24 వారాలు అర్ధాకలితో ఉంచాడు. బరువులో నాలుగో వంతు తగ్గారు. ఆడవాళ్ళ మీద ఆసక్తే పోయింది, కలల్లో కూడా తిండే వచ్చింది. ఇప్పటి మగవాళ్ళలో చూస్తున్నది మాత్రం ఎక్కువగా మిగులే. పొట్ట కొవ్వు మగ హార్మోనును ఆడ హార్మోనుగా మారుస్తుంది, వీర్యకణాలు తగ్గుతాయి. బీడీ, సిగరెట్, మితిమీరిన మందు, కల్లు దానికి తోడు. వృషణాలు ఒంటికంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, కాబట్టి ఎప్పుడూ వేడిలో పని కూడా దెబ్బే. ఒక వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఇవాళ అలవాటు మార్చుకుంటే ఫలితం మూడో నెలలో కనిపిస్తుంది.

గల్ఫ్ సంగతి చెప్పకుండా కామారెడ్డి జిల్లా గురించి ఈ మాట ముగించలేను. భర్త రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చి మళ్ళీ పోతుంటే, పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేరని బాధపడే జంటలున్నారు. నెలలో గర్భం నిలిచే రోజులు ఆరే, అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు. ఏ లోపమూ లేని యువ జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు మించదు. రెండు నెలల సెలవులో అలాంటి జంటల్లో సగానికి పైగా గర్భం లేకుండానే తిరిగి విమానాశ్రయానికి పోతారు. ఆరేళ్ళ పెళ్ళి అంటున్నారు కాని కలిసి ఉన్నది ఆరు నెలలు. ఆ కోడలిని గొడ్రాలు అనడం అన్యాయమే కాదు, లెక్క తప్పు కూడా.

కేలరీలు కుదిరినంత మాత్రాన సరిపోదు. అయోడిన్ తగ్గితే థైరాయిడ్ మందగించి నెలసరి తప్పుతుంది, ఇంట్లో అయోడిన్ ఉప్పు ఉంటే చాలు. రక్తహీనత మన రాష్ట్రంలో అదే సర్వే ప్రకారం 57.6 శాతం స్త్రీలలో ఉంది. అది గర్భాన్ని రానివ్వకుండా చేయడం కంటే, వచ్చిన గర్భాన్ని ప్రమాదంలో పెట్టడం ఎక్కువ. రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాల గర్భిణుల కోసం న్యూట్రిషన్ కిట్ల పథకం 2022 డిసెంబర్ 21న మీ కామారెడ్డి నుంచే మొదలైంది. ఖర్జూరం, నెయ్యి, పోషకాల పొడి, ఐరన్ సిరప్ అందులో ఉండేవి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు 2015 నుంచి ఉన్నాయి. ఇవన్నీ అవసరమే. కాని అన్నీ గర్భం వచ్చాకే మొదలవుతాయి. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం గర్భం మొదలైన 28 రోజుల్లోనే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. దానికి కావలసిన ఫోలిక్ యాసిడ్ అంతకుముందే ఒంట్లో ఉండాలి. పిల్లలు కావాలనుకున్న రోజు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలి. పెళ్ళయిన కొత్తలోనే దాన్ని ఇచ్చే ఏర్పాటు ఉండాలని నా అభిప్రాయం.

తిండితో తీరనివి కూడా ఉన్నాయి. గర్భాశయ నాళాలు మూసుకుపోతే ఎంత నెయ్యి తిన్నా తెరుచుకోవు. మన దేశంలో వాటిని మూసేసే కారణాల్లో క్షయ ఒకటి. వీర్యంలో కణాలే లేకపోతే బాదంపప్పు పుట్టించలేదు. సంతానం గ్యారంటీ అని అమ్మే పొడుల మీద డబ్బు పోసే ముందు పరీక్ష చేయించుకోవడం చవక. ఏడాది కలిసి ఉన్నా గర్భం రాకపోతే, ఆడమనిషికి 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలకే, డాక్టరును కలవాలి. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. అన్నిటికంటే సులువైన, తక్కువ ఖర్చు పరీక్ష వీర్యపరీక్షే. కాబట్టి మొదటి రోజే ఆసుపత్రికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఏం తింటున్నారో, ఎంత పని చేస్తున్నారో, ఏడాదిలో ఎన్ని నెలలు కలిసి ఉన్నారో కూడా డాక్టరుకు చెప్పండి.